ఊరేగింపుల నియంత్రణ: జీవో 1 తీర్పు నేపథ్యంలో ఒక పరిశీలన

సారాంశం

ఊరేగింపులను అదుపు చేసే అధికారం చట్టం పోలీసులకు ఇచ్చింది. దారి, వేళ, షరతులు నిర్ణయించడం వరకే ఆ అధికారమా, ఊరేగింపే వద్దనడానికీ వర్తిస్తుందా అన్నది పాత వివాదం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023 జనవరిలో ఇచ్చిన జీవో 1నూ, దాన్ని కొట్టేసిన హైకోర్టు తీర్పునూ ఆధారం చేసుకుని ఈ వ్యాసం ఆ వివాదాన్ని పరిశీలిస్తుంది. తీర్పుతో నిషేధం తొలగిందే గాని నియంత్రణకు ఒక పద్ధతి ఏర్పడలేదని, రోడ్డు బాగోగులు తెలిసిన స్థానిక సంస్థలకు ఆ నిర్ణయంలో చోటు లేకపోవడమే అందులోని లోటని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఊరేగింపు, పాదయాత్ర, 1861 పోలీసు చట్టం, జీవో 1, స్థానిక సంస్థలు

1. చట్టం ఇచ్చిన అధికారం

రాజ్యాంగంలోని 19(1)(బి) అధికరణ, ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కును పౌరులకు ఇచ్చింది. ప్రజాశాంతి, దేశ సార్వభౌమత్వం, సమగ్రతల దృష్ట్యా సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చని 19(3) చెబుతోంది. ఆచరణలో మాత్రం ఎస్పీ చేతిలో ఉండేది అంతకు చాలా ముందటి 1861 పోలీసు చట్టం.

ఆ చట్టంలోని 30వ సెక్షన్‌ను వరుసగా చదివితే దాని పరిధి తేటపడుతుంది. రోడ్ల మీద సాగే సభలు, ఊరేగింపులు ఏ దారిన, ఏ వేళకు వెళ్లాలో పోలీసు అధికారి చెప్పవచ్చు. అదుపు లేకపోతే శాంతిభంగం జరిగేలా ఉందని మేజిస్ట్రేటు భావించిన సందర్భంలో, లైసెన్సుకు దరఖాస్తు చేసుకోమని నిర్వాహకులకు నోటీసు ఇవ్వవచ్చు. ఆ లైసెన్సుకు రుసుం వసూలు చేయకూడదు. షరతులు మీరితే ఊరేగింపును ఆపే అధికారం 30ఏ సెక్షన్ ఇస్తుంది. అంటే ఊరేగింపు జరుగుతుందనే చట్టం అనుకుంటోంది, ఎలా జరగాలన్నదే దాని పట్టింపు. లైసెన్సు అవసరం కూడా సందర్భాన్ని బట్టి వచ్చేదే. ఆచరణలో ఈ వరుస తిరగబడింది. అనుమతి లేనిదే అడుగు కదపరాదన్నది మామూలు సూత్రమైపోయింది.

రుసుం విషయంలో ఈ వలస చట్టం కొన్ని స్వేచ్ఛా దేశాల స్థానిక శాసనాల కంటే ఉదారంగా ఉంది. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని ఫోర్సైత్ కౌంటీ, ఊరేగింపులకు రోజుకు 1,000 డాలర్ల దాకా వసూలు చేసుకునే వీలును తన శాసనంలో పెట్టుకుంది. ఎంత రుసుమన్నది అధికారి ఇష్టానికి వదిలిన ఆ శాసనం 1992లో అక్కడి సుప్రీంకోర్టులో నిలవలేదు.

2. జీవో 1: కారణం, మందు

2022 డిసెంబరు 28న కందుకూరులో చంద్రబాబునాయుడు రోడ్‌షోలో తొక్కిసలాట జరిగి 8 మంది చనిపోయారు. జనం పక్కనున్న మురుగుకాలువలో పడిపోయారు. నాలుగు రోజులకే, జనవరి 1న, గుంటూరులో కానుకల పంపిణీ దగ్గర మరో ముగ్గురు మహిళలు ప్రాణాలు కోల్పోయారు. మర్నాడే జీవో 1 వచ్చింది. జాతీయ, రాష్ట్ర రహదారుల మీద, పురపాలక, పంచాయతీ రోడ్ల మీద సభలకు అనుమతి ఇవ్వరాదనీ, అరుదైన సందర్భాల్లో మాత్రం కారణాలు రాసి ఇవ్వవచ్చనీ దాని సారం.

ఇక్కడ కారణానికీ మందుకూ పొంతన లేదు. గుంటూరు దుర్ఘటన రోడ్‌షోలో జరిగింది కాదు. అక్కడ కావలసింది క్యూల ఏర్పాటు, పంపిణీ కేంద్రాల సంఖ్య పెంచడం. కందుకూరులో ప్రశ్న వీధి వెడల్పు, కాలువ, జనం బయటపడే దారులు. ఈ రెండింటికీ రాష్ట్రమంతటి రోడ్లను మూసేయడం జవాబు కాదు. పైగా పాదయాత్రలే ముఖ్యమంత్రులను చేసిన రాష్ట్రంలో, 3,648 కిలోమీటర్లు నడిచి అధికారానికి వచ్చిన నాయకుడి ప్రభుత్వం ఈ ఉత్తర్వు ఇవ్వడంతో, ప్రతిపక్షాలు దీన్ని భద్రతా చర్యగా చూడలేదు.

3. న్యాయస్థానాల వైఖరి

సీపీఐ రాష్ట్ర కార్యదర్శి కె. రామకృష్ణ హైకోర్టుకు వెళ్లారు. వెకేషన్ బెంచ్ జనవరి 12న జీవో అమలును తాత్కాలికంగా నిలిపివేసింది. జీవో నిషేధం కాదు, నియంత్రణేనని ప్రభుత్వం వాదించింది. ప్రధాన న్యాయమూర్తి ప్రశాంత్ కుమార్ మిశ్రా, జస్టిస్ డి.వి.ఎస్.ఎస్. సోమయాజులు ధర్మాసనం 2023 మే 12న జీవోను కొట్టేసింది.

ఈ తీర్పుకు పునాది అంతకు అర్ధశతాబ్దం ముందే పడింది. అహ్మదాబాద్‌కు చెందిన హిమత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, వీధిసభలకు ముందస్తు అనుమతి కోరే నిబంధనను 1972లో కొట్టేసింది. అనుమతి కోరడమే తప్పని ఆ తీర్పు అనలేదు. ఏ ప్రాతిపదికన ఇవ్వాలో, ఎప్పుడు నిరాకరించాలో చెప్పకుండా అంతా అధికారి ఇష్టానికి వదలడాన్ని తప్పుపట్టింది.

4. కోర్టే షరతులు రాస్తే

జీవోకు కొన్ని నెలల ముందు, అమరావతి రైతులు 2022 సెప్టెంబరులో అరసవల్లికి పాదయాత్ర తలపెట్టినప్పుడు పోలీసులు అనుమతి నిరాకరించారు, హైకోర్టు ఇచ్చింది. నడిచేవారు 600 మందే ఉండాలి, గుర్తింపు కార్డులుండాలి అన్న షరతులు కోర్టు ఉత్తర్వులో చేరాయి. అక్టోబరులో రామచంద్రపురం దగ్గర ఆ కార్డుల తనిఖీ వివాదంతోనే యాత్ర ఆగింది. జిల్లా స్థాయిలో తేలాల్సిన లెక్క హైకోర్టు దాకా వెళ్లినప్పుడు, హక్కు నిలిచినా దాని అమలు మళ్లీ పోలీసు చేతికే వస్తుందని ఈ అనుభవం చెబుతోంది.

ఇంగ్లండ్‌లో 1986 ప్రజాశాంతి చట్టం వేరే దారి ఎంచుకుంది. మామూలుగా నిర్వాహకులు 6 రోజుల ముందు నోటీసు ఇస్తే చాలు. లండన్ వెలుపల నిషేధం కావాలంటే పోలీసు అధిపతి స్థానిక కౌన్సిల్‌ను కోరాలి, కౌన్సిల్ హోంమంత్రి సమ్మతితో ఉత్తర్వు ఇవ్వాలి. దానికి గడువు 3 నెలలు మించకూడదు. నిషేధం ఏ ఒక్కరి చేతిలోనూ లేకపోవడమే అక్కడి కట్టడి.

5. ముగింపు

మన పద్ధతిలో వీధి వెడల్పు, కాలువల మీది మూతలు, దీపాలు పురపాలక సంఘానికి తెలుసు, నిర్ణయం మాత్రం ఎస్పీది. కాబట్టి జనం ప్రాణాలకు ముప్పు ఎక్కడుందో చెప్పగలవారు లేకుండానే అనుమతులు నడుస్తున్నాయి. నోటీసుకు ఒక గడువు, నిరాకరిస్తే రాతపూర్వక కారణంతో పాటు ప్రత్యామ్నాయ దారి, జిల్లాలోనే వేగంగా తేలే అప్పీలు, పెద్ద ఊరేగింపులకు పోలీసులు, పురపాలక ఇంజినీర్లు కలిసి చేసే మార్గ పరిశీలన: ఈ నాలుగూ నిబంధనల్లో చేరాలి. అప్పుడు ప్రమాదం జరిగితే ఎవరు చూడలేదో తేలుతుంది. నిషేధం ఉన్నంత కాలం ఆ ప్రశ్న వేయాల్సిన అవసరమే అధికారులకు రాదు.