ఖద్దరు గౌను, హార్వర్డ్ సీటు

మద్రాసు మెడికల్ కాలేజీ ఆపరేషన్ థియేటర్. తెల్లటి సీమగుడ్డ గౌన్లు తొడుక్కుని కుర్రాళ్ళు బల్ల చుట్టూ నిలబడ్డారు. వాళ్ళలో ఒకడి ఒంటిమీద మాత్రం ముతక ఖద్దరు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ దొర చూపు ఆ గౌను మీద ఆగింది.

గాంధీగారు సీమగుడ్డ వదిలెయ్యమన్న రోజులవి. బజారులో ఖద్దరు కట్టుకు తిరిగితే మార్కులు పోవు. దొర పాఠం చెప్పే గదిలోకి కట్టుకుపోవడం వేరే సంగతి. రేపు తన సర్టిఫికెట్ మీద ఎవరి మాట చెల్లుతుందో ఆ కుర్రాడికి తెలియక కాదు, తెలిసే తొడుక్కున్నాడు. రాత పరీక్షలు బాగానే రాశాడు. అయినా అతనికి ఎం.బి.బి.ఎస్. ఇవ్వలేదు. దానికి ఓ మెట్టు కిందుండే ఎల్.ఎం.ఎస్. ఇచ్చి సరిపెట్టారు.

అమెరికా చదువుకు అప్లికేషన్ పెట్టే పిల్లలు ఇవాళ ఒక బ్యాక్‌లాగ్ ఉంటేనే బెంగపెట్టుకుంటారు. దాన్ని అప్లికేషన్‌తో జతచేసే ఎస్‌ఓపీలో ఎలా చెప్పుకోవాలా అని కన్సల్టెన్సీల చుట్టూ తిరుగుతారు. వందేళ్ళ కిందట హార్వర్డ్‌కు వెళ్ళిన ఈ గోదావరి కుర్రాడి చదువు చరిత్ర చూస్తే అడుగడుగునా బెంగపెట్టుకోవలసిందే. రాజమండ్రిలో ఇంట్లో చావులు, జబ్బుల మధ్య బడి కుంటుపడింది. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు, అదీ మద్రాసు హిందూ హైస్కూలుకు మారాక. చిన్నప్పుడు కాశీ పోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి సంపాదిస్తానని ఇల్లు వదిలి పారిపోతే తల్లి వెంకమ్మగారు పట్టి తెచ్చి మళ్ళీ బడిలో వేసింది. పెద్దయ్యాక రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం పుచ్చుకుంటానన్నాడు. ఆవిడ దానికీ ఒప్పుకోలేదు. ఇలాంటి చరిత్రకు చివరి మచ్చగా ఎల్.ఎం.ఎస్. చేరింది.

అతన్ని కదిలించిన సంగతి మాత్రం ఏ సర్టిఫికెట్‌లోనూ లేదు.

అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి, ఇద్దరూ స్ప్రూ అనే రోగంతో పోయారు. ఉష్ణదేశాల జబ్బు అది. తిన్నది ఒంటపట్టదు. విరేచనాలు ఆగవు. నాలుక పుండవుతుంది. ఒంట్లో రక్తం తగ్గిపోతూ మనిషి రోజురోజుకీ ఎండిపోతాడు. అప్పటి ఇంగ్లీషు వైద్యం దగ్గర దానికి సరైన మందు లేదు, దాని మూలం ఏమిటో కూడా తేలలేదు. డాక్టరు కాబోతున్న కొడుకు ఇంట్లో ఉండగానే ఆ ఇంట రెండు పాడెలు లేచాయి. ఆ తర్వాత అదే రోగం సుబ్బారావునూ పట్టుకుంది. తను చదివిన వైద్యం చేతులెత్తేసిన చోట డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేదం అతన్ని నిలబెట్టింది.

మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగానికి ప్రయత్నించాడు. రాలేదు. లక్ష్మీపతిగారే తమ ఆయుర్వేద కళాశాలలో చేర్చుకుని శరీర నిర్మాణ శాస్త్రం చెప్పమన్నారు. ఆయన ఇంగ్లీషు వైద్యం చదివి ఆయుర్వేదం వైపు నడిచిన మనిషి. ఆయన భార్య రుక్మిణీ లక్ష్మీపతి తర్వాత 1930లో ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళారు. ఖద్దరు గౌను వేసుకున్నందుకు పట్టా పోగొట్టుకున్న కుర్రాడికి ఆ రోజుల్లో మద్రాసులో అంతకన్నా తగిన నీడ దొరకదు. అక్కడ సుబ్బారావు పాఠాలు చెబుతూనే ఆయుర్వేద మందుల్లో పనిచేసేది ఏమిటో ఆధునిక పద్ధతిలో తేల్చాలని మొదలుపెట్టాడు. తనను బతికించిన మందు ఎలా బతికించిందో తెలుసుకోవాలి. దానికి కావలసిన ప్రయోగశాల అక్కడ లేదు.

అలాంటప్పుడు రాక్‌ఫెల్లర్ స్కాలర్‌షిప్ మీద మద్రాసు వచ్చిన ఒక అమెరికన్ డాక్టరు తారసపడ్డాడు. ఆ పరిచయం ఈ కథ దారి మార్చింది. బోస్టన్‌లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం నడిపే ఉష్ణమండల వ్యాధుల చదువు ఉంది. అక్కడ ఆ శాఖను నడిపే డాక్టర్ రిచర్డ్ స్ట్రాంగ్ మంచూరియాలో ప్లేగు వచ్చినప్పుడు, సెర్బియాలో టైఫస్ చెలరేగినప్పుడు స్వయంగా వెళ్ళి పనిచేసినవాడు. రోగం ఎక్కడుంటే అక్కడికి పోయే మనిషికి, రోగం ఉన్న చోటునుంచే ఒక ఉత్తరం వెళ్ళింది.

ఆన్‌లైన్ ఫారమూ, జి.ఆర్.ఇ. స్కోరూ లేని కాలం. కవరు ఓడెక్కి సముద్రాలు దాటాలి, జవాబు అదే దారిన తిరిగి రావాలి. ఆ నెలల్లో ఆయుర్వేద కళాశాలలో పొద్దున్నే ఎముకల పేర్లు చెప్పి, సాయంత్రం టపా కోసం చూసే ఇరవై ఏడేళ్ళ మనిషిని తలుచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది. ఈమధ్య మన ఇళ్ళలో అర్ధరాత్రి లేచి మెయిల్ చూసుకునే పిల్లల్ని ఎరిగినవాళ్ళకు ఆ ఎదురుచూపు కొత్తది కాదు. పిల్లలకైనా పదిచోట్ల పెట్టుకునే వీలుంది. అతని ఆశంతా ఆ ఒక్క ఊరి మీదే.

సీటు వచ్చింది. ఖర్చు మాత్రం తనదే.

ఈ చోట కథ నెమ్మదించాలి. సుబ్బారావు గురించి రాసేవాళ్ళు చాలామంది ఈ ఘట్టాన్ని రెండు వాక్యాల్లో దాటేసి బోస్టన్ చేరిపోతారు. నన్ను అడిగితే అసలు కథ ఇక్కడే ఉంది. తండ్రి జగన్నాథంగారు ఎప్పుడో పోయారు. అన్నా తమ్ముడూ పోయారు. ఇంట్లో తల్లి, కొత్తగా కాపురానికి వచ్చిన భార్య శేషగిరి ఉన్నారు. డబ్బు ఎక్కడినుంచి వస్తుంది?

మొదటి మాట కాకినాడనుంచి వచ్చింది. మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాటిచ్చింది. సత్యలింగం నాయకర్ రంగూన్‌లో వ్యాపారం చేసి గడించి, ఆ ఆస్తిని చదువుకూ ధర్మకార్యాలకూ రాసిచ్చిన మనిషి. సముద్రం మీద సంపాదించిన ఆయన డబ్బు మరో కుర్రాడిని సముద్రం దాటించడానికి ముందుకొచ్చింది. అది ఒక్కటే చాలదు. మిగిలిన భారం మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు నెత్తిన వేసుకున్నారు. అంతకుముందు మద్రాసులో వైద్యం చదివించిందీ స్నేహితులతో పాటు ఆయనే. ఆ తర్వాతే పిల్లనిచ్చారు. ఇప్పుడు అల్లుణ్ణి అంతదూరం పంపడానికి మళ్ళీ డబ్బు కూడదీశారు. కూతురు ఇక్కడే ఉండిపోతుందని తెలిసీ ఆ పని చేశారు. సముద్రం దాటితే వెలి అనే మాట ఇంకా పూర్తిగా చెరగని కాలంలో ఒక తండ్రి ఆ నిర్ణయం తీసుకోవడం చిన్న విషయం కాదు.

ఇవాళ అమెరికా వీసాకు కావలసిన ఐ-20 కాగితం విశ్వవిద్యాలయంనుంచి రావాలంటే మొదటి ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు ఉందని కాగితం మీద చూపించాలి. దానికోసం పొలం తాకట్టు పెట్టే తండ్రులు, గాజులు బ్యాంకులో కుదువపెట్టే తల్లులు, బావగారి పేరు మీద షూరిటీ సంతకాలు మన ఊళ్ళలో అందరికీ తెలిసినవే. విశ్వవిద్యాలయం ఆ కాగితంలో అంకె చూస్తుంది. ఎవరి చేతులు బోసిపోయాయో దానికి కనిపించదు. 1922లోనూ హార్వర్డ్‌కు కనిపించలేదు.

చట్టం సంగతీ ఉంది. అమెరికా 1917లో ఒక వలస చట్టం తెచ్చింది. ఆసియాలో ఎక్కువ భాగాన్ని గీత గీసి, ఆ గీత లోపలివాళ్ళు పని కోసం రాకూడదంది. హిందూదేశం ఆ గీత లోపలే ఉంది. విద్యార్థులకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. కూలికి వెళ్ళే పంజాబీ రైతుకు మూసిన తలుపు సుబ్బారావుకు తెరుచుకుంది, హార్వర్డ్ అతన్ని తీసుకుంటానంది గనక. ఒక సీటు విలువ చదువు ఒక్కటే కాదని ఆనాటికే తేలిపోయింది.

1922 అక్టోబరు 26. సుబ్బారావు బోస్టన్‌లో దిగాడు. చెట్లు ఆకులు రాల్చే కాలం. గోదావరి గాలికి అలవాటుపడ్డ ఒంటికి ఆ చలి కొత్త. ఉన్న డబ్బు ఎన్నాళ్ళో రాదు. డాక్టరుగా ఆసుపత్రిలో చేరదామంటే మద్రాసు ఎల్.ఎం.ఎస్.కు అక్కడ విలువ లేదు. ఖద్దరు గౌనుకు పడిన శిక్ష పదివేల మైళ్ళు వెంట వచ్చింది.

మెడికల్ స్కూలు పక్కనే పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రి. అందులో రాత్రిపూట పనివాడు కావాలన్నారు. సుబ్బారావు ఒప్పుకున్నాడు. పగలు క్లాసు, ప్రయోగశాల. రాత్రి వార్డులో రోగుల బెడ్‌పాన్లు తీసుకెళ్ళి పారబోసి, కడిగి, తెచ్చిపెట్టడం. మెదడు ఆపరేషన్లకు ప్రపంచమంతా పేరు చెప్పుకునే హార్వీ కుషింగ్ అప్పుడు ఆ ఆసుపత్రిలోనే సర్జరీకి పెద్ద. పగటిపూట ఆయన వెనక నడిచిన కుర్ర డాక్టర్ల బూట్ల చప్పుడు ఆగాక, అదే నేల మీద మరో డాక్టరు చీపురు, బకెట్ పట్టుకుని నడిచాడు. రోగి దగ్గు వింటే జబ్బు పోల్చగలిగినవాడే. అయినా ఆ దగ్గు గురించి నోరు తెరిచే హక్కు రాత్రి పనివాడికి లేదు.

ఎఫ్-1 వీసా మీద ఉన్న పిల్లలు సెమిస్టరు నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటలకు మించి పనిచేయకూడదు. ఆ ఇరవై గంటల్లో డైనింగ్ హాల్ పళ్ళేలు కడిగిన సంగతి ఇంటికి ఫోన్ చేసినప్పుడు చెప్పరు. వాళ్ళకు ఈ రాత్రుల కథ తెలియాలని నాకు గట్టిగా ఉంది. దాపరికం అక్కర్లేని పని అది.

వచ్చిన నాలుగు నెలలకు, 1923 ఫిబ్రవరిలో, అమెరికా సుప్రీంకోర్టు భగత్‌సింగ్ థింద్ కేసులో తీర్పు చెప్పింది. హిందూదేశం వాళ్ళు తెల్లవాళ్ళ లెక్కలోకి రారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని ఆ తీర్పు సారాంశం. చదువుకోవచ్చు, పాత్రలు కడగవచ్చు, ఈ దేశం మీది మాత్రం కాదు అని ఒక విద్యార్థికి అంతకన్నా తేటగా ఎవరూ చెప్పలేరు. 1946లో చట్టం మారేదాకా పరిస్థితి అదే.

ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చేతికొచ్చింది. వెనక్కి రావాలంటే రావచ్చు. సుబ్బారావు రాలేదు. ఒట్టో ఫోలిన్ నడిపే జీవరసాయన విభాగంలో చేరాడు. అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో బయోకెమిస్ట్రీ పిల్లలు దాన్ని ఇప్పటికీ చదువుతారు. 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో కణాలకు శక్తినందించే ఏ.టి.పి. బయటపడ్డాయి. 1930లో పిహెచ్.డి. వచ్చింది. ఇంత చేసినా హార్వర్డ్ అతనికి శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలకు వెళ్ళిపోయాడు.

ఈ పక్క శేషగిరిగారు. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. డిప్లొమా కోసం వెళ్ళిన భర్త పిహెచ్.డి. అన్నాడు, తర్వాత పరిశోధన అన్నాడు. ఆవిడ ఆయన్ని మళ్ళీ చూడలేదు. ఇందులో సుబ్బారావును నేరస్తుణ్ణి చేయడం నాకు ఇష్టం లేదు. కానీ ఆయన త్యాగమూర్తి అని రాసేటప్పుడు ఆ త్యాగంలో ఎవరి వంతు ఎంతో చూడకుండా రాయడం అన్యాయం. ఆయన చేతిలో కనీసం పని ఉంది. ఆవిడ చేతిలో ఉన్నవి ఉత్తరాలు. కూతురి కాపురం అలా అయిపోతుంటే చూసిన సూర్యనారాయణమూర్తి గారి మనసు ఏ జీవరసాయన పుస్తకంలోకీ ఎక్కదు. నా దృష్టిలో ఆ హార్వర్డ్ సీటు సుబ్బారావు ఒక్కరిది కాదు. తీసుకున్నది ఒకరు, కట్టింది ఇంకొందరు.

ఏ రోగాల పేరు చెప్పి ఆ సీటు అడిగాడో, వాటిని సుబ్బారావు మరచిపోలేదు. లెడర్లీలో ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. అన్ననూ తమ్ముణ్ణీ తీసుకుపోయిన స్ప్రూకు అది పనిచేసింది. వాళ్ళు పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. ఆ దారిలోనే పుట్టిన అమినాప్టెరిన్ అనే మందుతో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు మొదటిసారి కొంతకాలం ఉపశమనం తేగలిగాడు. 1947లో హెట్రజాన్ వచ్చింది, ఫైలేరియా మందు. ఆ మరుసటి ఏడు ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, సుబ్బారావు న్యూయార్క్‌లో కన్నుమూశాడు.

హెట్రజాన్‌కు మనవాళ్ళు వాడే పేరు డి.ఇ.సి. బోదకాలు మాత్రలని ఆరోగ్య కార్యకర్తలు మన జిల్లాల్లో ఇంటింటికీ తెచ్చి, ఎదురుగా నిలబడి మింగించినవి అవే.