కలిసిపోయిన చెత్త

ఇంజనీరింగ్ రోజుల్లో ముంబై హైవే మీద పటాన్‌చెరు వస్తుందనగానే బస్సు కిటికీలు మూసేసేవాళ్ళం. ప్లాస్టిక్‌నీ పంట వ్యర్థాల్నీ ఇంధనంగా మార్చే ఉత్ప్రేరకాల గురించి ఎక్కడ చదివినా నాకు ఆ రోడ్డే గుర్తొస్తుంది. చెత్త లోంచి విలువ తీయొచ్చన్న ఆశ ఇక్కడ పాతదే.

ముందు ఆ ఉత్ప్రేరకం సంగతి. 1756లో క్రోన్‌స్టెట్ అనే స్వీడన్ ఖనిజ శాస్త్రవేత్త ఒక రాయిని వేడిచేస్తే అది నురగలు కక్కింది. 'మరిగే రాయి' అన్న అర్థం వచ్చేలా జియోలైట్ అని పేరు పెట్టాడు. రాతిలోని అతి సన్నటి రంధ్రాల్లో దాక్కున్న నీళ్ళే ఆ నురగకి కారణం. 1972లో మొబిల్ కంపెనీ పేటెంట్ తీసుకున్న జెడ్‌ఎస్‌ఎమ్-5 మాత్రం మనిషి తయారుచేసిన జియోలైట్. దాని రంధ్రం వెడల్పు అర నానోమీటరు పైచిలుకు. గాలి తగలకుండా నాలుగైదు వందల డిగ్రీల వేడిలో పాలిథీన్ గొలుసులు తెగుతాయి. ఆ ముక్కలు ఈ రంధ్రాల్లో దూరి, ఇంకా తెగి, పెట్రోలు లాంటి అణువులై బయటికొస్తాయి. ల్యాబ్‌లో ఇది బాగానే నడుస్తుంది, ఎందుకంటే అక్కడ శుభ్రమైన పాలిథీన్ వేస్తారు. వీధి చెత్తలో పీవీసీ ముక్క కలిస్తే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుడుతుంది. కర్రపొట్టు ఆవిర్లలో నీళ్ళూ, ఆమ్లాలూ ఉంటాయి. మసి పట్టి రంధ్రాలు మూసుకుపోతే దాన్ని మళ్ళీ మళ్ళీ కాల్చి వదిలించాలి.

అదే 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ మొదలైంది. ఆ సంస్థ తోడ్పాటుతో 2007లో సంగారెడ్డి దగ్గర రుస్నీ డిస్టిలరీస్ తీపి జొన్న నుంచి ఇథనాల్ తీయడం మొదలుపెట్టింది. రోజుకి 40 వేల లీటర్ల సామర్థ్యం. గింజ మనిషికి, కాండంలోని రసం ఇంధనానికి, పిప్పి పశువులకి. కాగితం మీద ఇంతకంటే చక్కటి లెక్క ఉండదు. కానీ కోసిన కాండాన్ని వెంటనే పిండకపోతే చక్కెర తగ్గిపోతుంది, పంటేమో ఏడాది పొడుగునా రాదు. పైగా ప్రభుత్వం ఇథనాల్‌కి కట్టిన ధర లీటరుకి 21.50 రూపాయలు. ఊళ్ళోనే రసం తీయడానికి ఇబ్రహీంబాద్‌లో చిన్న కేంద్రం కూడా పెట్టి చూశారు. అయినా ఫ్యాక్టరీ నిలబడలేదు. రసాయనశాస్త్రం తప్పలేదు. గేటు దగ్గర దిగాల్సిన సరుకు దిగలేదు, అంతే.

మురుగునీటి విషయంలో జరిగింది దీనికి తిరగేసిన కథ. అక్కడ గేటు దగ్గర అన్నీ దిగాయి. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. ఆ తర్వాత వచ్చిన ఉమ్మడి శుద్ధి కేంద్రానికి దాదాపు 90 మందుల ఫ్యాక్టరీల నీళ్ళు ట్యాంకర్లలో చేరేవి. నీటిని శుభ్రం చేయాల్సింది బాక్టీరియా. ఆ నీటిలోనే బాక్టీరియాని చంపే మందులు! 2007లో స్వీడన్ పరిశోధకుడు లార్సన్ బృందం, శుద్ధయ్యాక బయటికొచ్చే నీటిలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని తేల్చింది. కొన్ని రకాల బాక్టీరియాకి విషమయ్యే మోతాదుకి అది వెయ్యి రెట్ల పైమాట. అప్పట్లో ఆ నీళ్ళు చేరిన నక్కవాగు మంజీరలో కలుస్తుంది. వాగు పక్క పల్లెల బావులు పాడయ్యాక రైతులకి కోర్టు వాయిదాలు తప్పలేదు. విడివిడిగా ఉన్నప్పుడు ఏ ఫ్యాక్టరీలో ఏముందో చెప్పొచ్చు. ఒకే తొట్టిలో పోశాక ఎవరిదని అడుగుతాం?

(కోడ్ రాసేవాళ్ళకి ఇది తెలిసిన తలనొప్పే. పది చోట్ల నుంచి వచ్చిన డేటా ఒకే టేబుల్లో పడ్డాక తప్పు ఎక్కడ మొదలైందో వెతకడానికి వారాలు పడుతుంది.)

అందుకే ప్లాస్టిక్ ఇంధనం మీద పేపర్ చదివేటప్పుడు నేను ముందు దిగుబడి శాతం చూడను. వాళ్ళు వాడిన ప్లాస్టిక్ ఎక్కడిదో చూస్తాను. చాలావాటిలో అది కొనితెచ్చిన తెల్లటి గుళికలే. మన కాలనీ చెత్తబండిలో పాలప్యాకెట్టు, పైపుముక్క, అన్నం, డయాపరు ఒకే మూటలో ఉంటాయి. వాటిని చేత్తో ఏరేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఆ కూలిని లీటరు ధరలో కలిపి లెక్కగట్టిన పేపర్ నాకింకా కనపడలేదు.