చంద్రపూర్ జిల్లాలో వన్యప్రాణుల గుర్తింపు, నమోదు

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాను 1964 దాకా చాందా అనేవారు. తాడోబా అడవికి చుట్టుపక్కలే బొగ్గు గనులు, థర్మల్ విద్యుత్ కేంద్రం, పత్తి, వరి చేలు ఉండటంతో ఇక్కడ పులి జాడ తెలుసుకోవడం ముందుగా ప్రాణరక్షణకు సంబంధించిన పని. శాస్త్ర పరిశోధన ఆ తర్వాతే.

ఈ అడవిలో జాడలు చదివే విద్య గోండులది. పులితో పోరాడి చనిపోయిన తారు అనే ఊరిపెద్ద పేరే తాడోబాకు వచ్చిందని వారి నమ్మకం. చెరువు దగ్గర ఆయన గుడి ఉంది. తాడోబాలో 1935లో వేట నిషేధించారు. 1955లో అది జాతీయ ఉద్యానవనమైంది, 1995లో అంధారి అభయారణ్యంతో కలిసి పులుల సంరక్షణ కేంద్రమైంది.

ఒడిశా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌధురి 1966లో రూపొందించిన పాదముద్రల పద్ధతిలోనే 1972లో దేశమంతటా పులులను లెక్కించారు, 1,827 తేలాయి. వాగు ఇసుకలో, బండిబాట దుమ్ములో పడ్డ అడుగును సిబ్బంది గాజుపలక మీద గీసుకునేవారు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తీసేవారు. గోళ్ల గుర్తులుంటే కుక్క జాతిదో దుమ్ములగొండిదో అనుకోవాలి; లేకపోతే పిల్లి జాతిది. వెనకకాలి ముద్ర చతురస్రంలో ఇమిడితే మగపులి, నిలువుగా సాగితే ఆడపులి. ఈ నేర్పు ఇప్పటికీ పనికొస్తుంది. అయితే ఒకే పులి అడుగు ఇసుకలో ఒకలా, బురదలో ఇంకోలా పడుతుంది కాబట్టి ఒకటి రెండుగా లెక్కకెక్కే ప్రమాదం ఉండేది. 2005లో రాజస్థాన్‌లోని సరిస్కాలో ఒక్క పులీ మిగల్లేదని బయటపడ్డాక ఆ లెక్కల మీద నమ్మకం సడలింది.

2006 గణనతో కెమెరాలు ముందుకొచ్చాయి. వేలిముద్రల్లాగే పులి చారలు ఏ రెండింటికీ కలవవు. ఒకే పులికి కుడిపక్క చారలు వేరు, ఎడమపక్కవి వేరు. అందుకే బాటకు రెండువైపులా ఎదురెదురుగా కెమెరాలు బిగిస్తారు. తాడోబాలో మాయగా పేరుమోసిన ఆడపులి దస్త్రాల్లో టి-12. రాజురా ప్రాంతంలో పలువురిని చంపిన ఆర్‌టి-1 అనే మగపులి 2020 అక్టోబరులో పట్టుబడింది. ఇలాంటి చోట గుర్తింపు తప్పితే ఏ పాపమూ ఎరగని పులి బోనులో పడుతుంది, మనుషులను చంపేది బయటే తిరుగుతుంది.

కనబడిన జంతువు గురించి చెప్పడానికి మహారాష్ట్ర అటవీశాఖకు 1926 నంబరుంది. జిల్లాలోని అడవి అంచు ఊళ్లలో స్థానిక యువకుల స్పందన బృందాలు జంతువును చూడ్డానికి మూగే గుంపును అదుపు చేసి, సిబ్బందికి కబురందిస్తాయి. చోటు, వేళ, జంతువు పోయిన దిక్కు, అడుగు పక్కన కొలత కోసం అగ్గిపెట్టె ఉంచి తీసిన ఫొటో ఉంటే అది మేలైన కబురు. అదే ఫొటోను చోటు వివరాలతో సోషల్ మీడియాలో పెట్టడం మాత్రం దొంగవేటగాడికి దారి చూపడమే. తాడోబా చుట్టూ ఉన్న బఫర్ ప్రాంతపు ఊరు సీతారాంపేట్‌లో 2023లో కృత్రిమ మేధ కెమెరాలను పరీక్షించారు. పులి ఊరివైపు వస్తే హెచ్చరించడం వాటి పని.

చంద్రపూర్ పులులు రాజురా, కన్హర్‌గావ్ అడవుల మీదుగా తెలంగాణలోని కాగజ్‌నగర్‌కు, అక్కణ్నుంచి కవ్వాల్ అడవి వైపు వస్తుంటాయి. అలా వచ్చిన ఫాల్గుణ అనే ఆడపులి కాగజ్‌నగర్ అడవుల్లోనే పిల్లలను కంది. వచ్చిన పులి కొత్తదా, చంద్రపూర్‌లో ఇదివరకే నమోదైనదా అన్నది రెండు రాష్ట్రాల దగ్గరున్న చారల ఫొటోలను పోల్చి చూస్తేనే తేలుతుంది.