వీథుల మధ్య చిట్టి రైలు: షంటింగు నమూనాకు పథకం వేసుకోవడం

సోమేనహళ్ళి పరిసరాల్లో రైలు పట్టాలు లేవు. గుడిబండ, బాగేపల్లి ప్రాంతాల వారు రైలెక్కాలంటే గౌరిబిదనూరుకో, చిక్కబళ్ళాపురానికో వెళ్ళవలసిందే. అయినా ఈ సీమకు తనదైన ఒక రైలు చరిత్ర ఉంది. 1913లో బౌరింగుపేట (నేటి బంగారుపేట) నుండి కోలారుకు, 1915లో బెంగళూరు వైపు నుండి చిక్కబళ్ళాపురానికి రెండున్నర అడుగుల వెడల్పు గల చిన్న గేజి మార్గాలు వెలిశాయి. శిడ్లఘట్ట, చింతామణి, శ్రీనివాసపురం ఆ దారి మీది ఊళ్ళే. 1990ల నుండి ఆ పట్టాలు దశలవారీగా బ్రాడ్ గేజికి చోటిచ్చాయి. చిక్కబళ్ళాపురం, కోలారు మధ్య పెద్ద రైలు 2013లో నడిచింది. చిన్న బండి ఎలా ఉండేదో చెప్పగలిగేది ఇప్పుడు ఇళ్ళలోని పెద్దలే.

ఆ బండిని నాలుగు అడుగుల చెక్క మీద మళ్ళీ నడిపించవచ్చు. నమూనా అనగానే చాలామంది గుండ్రంగా తిరిగే రైలును ఊహించుకుంటారు. దానికి పెద్ద బల్ల కావాలి. నాలుగు చుట్లు తిరిగాక చూడడానికీ ఏమీ మిగలదు. షంటింగు నమూనా వేరు. ఒక ఇంజను కొన్ని వ్యాగన్లను విడదీసి, కలిపి, కోరిన వరుసలో నిలపడమే దాని పని. చోటు తక్కువ, ఆలోచన ఎక్కువ.

ఈ పద్ధతిలో ప్రసిద్ధమైనది ఇంగ్లండుకు చెందిన ఆలన్ రైట్ రూపొందించిన ఇంగిల్‌నుక్ సైడింగ్స్. ఉత్తర ఇంగ్లండులోని కిల్హమ్ అనే చిన్న సైడింగు దానికి ఆధారం. అందులో మూడు సైడింగులు ఉంటాయి. ఒకదానిలో ఐదు, మిగిలిన రెండింటిలో మూడేసి వ్యాగన్లు పడతాయి. ఇంజను వెనుకకు లాగే మెడ పట్టాలో ఇంజనుతో పాటు మూడు వ్యాగన్లకే చోటు. మొత్తం వ్యాగన్లు ఎనిమిది. చీటీలు తీసి ఐదింటిని ఎంచి, చీటీ వచ్చిన వరుసలోనే వాటిని పొడవైన సైడింగులో నిలపాలి. అలాంటి వరుసలు 6,720 ఉన్నాయి. అందుచేత ఆట త్వరగా పాతబడదు. అమెరికాలో జాన్ ఆలెన్ 1972లో ప్రకటించిన టైమ్‌సేవర్ మరో చిక్కు. అది గడియారంతో పోటీ. ఇంట్లో పిల్లలతో ఆడుకోవడానికి మొదటిదే మేలు.

డబ్బు ఖర్చు పెట్టకముందే దీన్ని పరీక్షించవచ్చు. వసారాలో సుద్దముక్కతో గీతలు గీసి, ఎనిమిది అగ్గిపెట్టెలకు అంకెలు వేసి, తొమ్మిదో పెట్టెను ఇంజను అనుకోవాలి. పెట్టెను చేత్తో ఎత్తకూడదు, ఇంజనే లాగాలి, ఇంజనే నెట్టాలి. మెడ పట్టాలో మూడింటికి బదులు నాలుగు పెట్టెలు పట్టనిస్తే చిక్కు చాలావరకు సడలిపోతుందని పిల్లలే కనిపెడతారు. నమూనా మంచిచెడ్డలను నిర్ణయించేది అలంకరణ కాదు, ఈ పొడవులే.

ఇక కొలతలు. హెచ్‌ఓ అనే 1:87 ప్రమాణంలో ప్రామాణిక పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్ గేజి (1,676 మిల్లీమీటర్లు) ఆ లెక్కన 19 మిల్లీమీటర్లకు పైబడుతుంది కనుక సర్దుబాటు తప్పదు. చిన్న గేజికి ఆ బెడద లేదు. 9 మిల్లీమీటర్ల పట్టాను 87తో గుణిస్తే 783. మన పాత మార్గం వెడల్పు 762. కంటికి ఆ తేడా తెలియదు. ఇంగ్లండు పీకో సంస్థ వంటివి ఇలాంటి పట్టాలు, పాయింట్లు తయారు చేస్తాయి. విదేశాల నుండి తెప్పించుకోవడం ఖరీదైన వ్యవహారం, కాబట్టి పథకం ముందు కాగితం మీద తేలాలి. ఒక్కొక్క వ్యాగనుకు 8 సెంటీమీటర్లు, ఇంజనుకు 10, పాయింటుకు 12 అనుకుంటే మెడ పట్టాకు 34, పొడవైన సైడింగుకు 40 సెంటీమీటర్లు కావాలి. సైడింగు పొడవును పాయింటు నుండి కాక ఫౌలింగ్ మార్కు నుండి కొలవాలి. రెండు పట్టాలు తగినంత ఎడమై, పక్క బండికి తగలకుండా వ్యాగను నిలవగల చోటే ఆ గుర్తు. కొత్తవారు పొరబడేది ఎక్కువగా ఇక్కడే. అన్నీ కలుపుకొన్నా 120 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు గల చెక్క చాలు.

ఇప్పుడు వీథి. పట్టణ వీథిలో రైలు నడవడం వింతేమీ కాదు. డార్జిలింగులో రెండడుగుల గేజి బండి అంగళ్ళను దాదాపు రాసుకుంటూ పోతుంది. న్యూయార్కు బ్రూక్లిన్ రేవులో వ్యాగన్లను వీథుల వెంట గిడ్డంగి గుమ్మాల దాకా నెట్టేవారు. చింతామణి అంగడి వీథిలోకి పట్టాలు తేవడం మాత్రం ఈ పథకంలో కల్పనే. అయినా అక్కడ సరుకుకు కొదవ లేదు. పొడవైన సైడింగు గూడ్సు షెడ్డుకు, ఒక పొట్టిది వేరుశనగ మిల్లుకు, మరొకటి కిరోసిన్ డిపోకు కేటాయించవచ్చు. పట్టుగూళ్ళ బుట్టలు ఉన్న వ్యాగనును కిరోసిన్ పక్కన నిలపరాదని ఒక నియమం పెడితే చాలు, అంకెల ఆట వ్యాపారంగా మారిపోతుంది. కూడలికి అడ్డంగా బండిని నిలిపి ఉంచరాదన్నది వీథికి సహజమైన రెండో నియమం. జెండా పట్టుకున్న పాయింట్స్‌మన్ ముందు నడుస్తున్నట్టు, కూడలి దాటేముందు ఇంజను ఆగి ఐదు లెక్కపెట్టే వరకు కదలకూడదు.

పట్టాలను రోడ్డులో పూడ్చడానికి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ గాని దళసరి అట్ట గాని సరిపోతుంది. రోడ్డు పట్టా తలకన్నా వెంట్రుకవాసి కిందే ఉండాలి. లేకుంటే పట్టాలు తుడిచినప్పుడు రోడ్డు గీసుకుపోతుంది. పట్టా లోపలి వైపు చక్రపు అంచుకు సన్నని గాడి వదలాలి. పాయింటు కదిలే నాలుకల చుట్టూ ఏమీ పోయకూడదు. వీథి వెనుక వైపు భవనాలను ముఖభాగం మాత్రమే అట్టతో చేసి నిలబెడితే చోటు కలిసివస్తుంది. ఈ ప్రమాణంలో మనిషి ఎత్తు రెండు సెంటీమీటర్లు, ఒక అంతస్తు నాలుగు. ముందు వైపు ప్రహరీ, ఎడ్లబండి వంటి పొట్టివే ఉంచాలి. ఎత్తైన కట్టడం ఉంటే వ్యాగన్లను విడదీయడానికి చెయ్యి ఆడదు. అంగడి బోర్డులు కన్నడంలోనూ తెలుగులోనూ రాస్తే చూసినవారికి ఊరు వెంటనే తెలుస్తుంది.

ఇంజనుకు 12 వోల్టుల డీసీ విద్యుత్తు చాలు. నమ్మకమైన అడాప్టరు వాడాలి; కరెంటు కోతలున్న ఊళ్ళో ఫ్యూజు అమర్చిన బ్యాటరీ ఇంకా నయం. గోడలోని కరెంటు తీగను నేరుగా పట్టాలకు కలపడం ప్రాణాంతకం, పిల్లలున్న ఇంట్లో ఈ మాట మరువరాదు. పొట్టి ఇంజనుకు అసలు శత్రువు దుమ్ము. మన ఎర్రమట్టి దుమ్ము పట్టాల మీద పేరుకుంటే నెమ్మదిగా నడిచే బండి పాయింటు మీదనే మొండికేస్తుంది. ఆట ముగిశాక చెక్కకు పాత దుప్పటి కప్పి అటక మీద పెట్టాలి; మళ్ళీ దించినప్పుడు మెత్తని పొడిగుడ్డతో పట్టాలు తుడిచాకే ఇంజనును ఎక్కించాలి.