నారాయణగూడ పరిసరములు: తరముల యంతరము

సంస్కృతవ్యాకరణమున భూతకాలము త్రివిధము. సామాన్యభూతమునకు లుఙ్, నేఁటిది కాని భూతమునకు లఙ్, వక్త కన్నులారఁ జూడని భూతమునకు లిట్ విధింపఁబడినవి. అవ్వ లఙ్‌తోఁ జెప్పినదానిని మనుమరాలు లిట్‌తోఁ జెప్పవలసివచ్చుటకు నెంతయో కాలము పట్టదు. హైదరాబాదు నగరమున నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్ నగరములు దీనికి నిదర్శనములు.

1921వ సంవత్సరము నవంబరు నెలలో వివేకవర్ధిని రంగశాలయందు జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున నుపన్యసింపఁబూనఁగా సభ్యులు గేలి చేసిరి. ఆ యవమానమునుండి ఆంధ్రజనసంఘము పుట్టెను. ఏడేండ్లకు, 1928లో, మాడపాటి హనుమంతరావుగారు మున్నగువారి పూనికచే నారాయణగూడలో బాలికలకుఁ దెలుగు పాఠశాల వెలసెను. 1918లో నేర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున నాఁడు బోధనభాష ఉర్దూ. కావున నిది సామాన్యసాహసము కాదు.

1966లో చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ స్థాపితమగునప్పటికి ఆ తొలి బాలికల తరము నడివయస్సునకు వచ్చెను. నేఁడు అశోక్ నగరమున వసించు యువజనులు చిక్కడపల్లి నగరకేంద్రగ్రంథాలయమున నుద్యోగపరీక్షలకై ప్రొద్దు గ్రుంకువఱకుఁ జదువుచున్నారు. వారికి 1928 పరోక్షము. 1966 సయితము పరోక్షమే.

ప్రాయము గడచినవారు తమ కాలమే మేలందురు. కాని యొకనాఁడు ఇదే నగరమునఁ దెలుగు పలుకుట నగుఁబాటు. కావునఁ దలఁచుకొనఁదగినది ఆ కాలము కాదు, ఆ యవమానమును సహింపని యౌవనము. చూచినవారు చెప్పక విడిచినచో నదియు నిలువదు. పరోక్షభూతమునకును వక్త యొకఁడు కావలయును.