పాటా? అడుక్కోవడమా? మెట్రో స్టేషన్ పాటగాళ్ల 90 ఏళ్ల కథ

ఈరోజు ఎపిసోడ్ న్యూయార్క్ గురించే గానీ, మొదలు మాత్రం మన హైదరాబాద్‌లోనే.

ఉద్యోగం చేసే రోజుల్లో నేను లోకల్ ట్రైన్‌లో హైటెక్ సిటీకి వెళ్లేవాణ్ని. వారానికి రెండు మూడు సార్లు ఒక జంట అదే పెట్టెలో ఎక్కేవాళ్లు. ఆయనకి చూపు లేదు. మెడలో చిన్న స్పీకరు, చేతిలో మైకు. ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, పాత ఘంటసాల పాటలు పాడుకుంటూ వచ్చేవాడు. వాళ్లు దగ్గరికి వస్తున్నారంటే చాలు, నేను ఇయర్‌ఫోన్స్ పెట్టేసుకునేవాణ్ని. ఒకరోజు ట్రైన్ దిగాక తట్టింది. ఆ ఇయర్‌ఫోన్స్‌లో నేను వింటున్నది కూడా ఘంటసాలే! నెలనెలా డబ్బు కట్టే యాప్‌లో ఆయన పాట వింటూ, ఎదురుగా అదే పాట పాడుతున్న మనిషిని తప్పించుకున్నా.

పాటలో తేడా లేదు కదా, మరి నాకెందుకు ఒకటి సంగీతంలా, ఇంకొకటి అడుక్కోవడంలా అనిపించింది? ఈ ప్రశ్న మీద ఒక పెద్ద నగరం దాదాపు 90 ఏళ్లు కొట్టుకుంది. ఆ కథ చూద్దాం.

1935. న్యూయార్క్ మేయర్ పేరు ఫియొరెల్లో లా గార్డియా. విమానాశ్రయానికి పేరు పెట్టారు చూడండి, ఆయనే. అప్పట్లో ఆ నగరం వీధుల్లో ఒక చెక్క పెట్టె పట్టుకుని తిరిగేవాళ్లు. పక్కన పిడి తిప్పితే దాంట్లోంచి పాట వస్తుంది. కొందరి దగ్గర డబ్బులు పోగు చేయడానికి ఒక కోతి కూడా ఉండేది. వాళ్లలో చాలామంది ఇటలీ నుంచి వలస వచ్చిన పేదవాళ్లు. 1936 జనవరి 1 నుంచి వీళ్ల లైసెన్సులు రెన్యువల్ చెయ్యం అని మేయర్ ప్రకటించాడు. ఆయన చెప్పిన కారణాలు ఏంటంటే, ట్రాఫిక్‌కి అడ్డం, పైగా ఇప్పుడు రేడియో ఉంది, పార్కుల్లో ఉచిత కచేరీలు ఉన్నాయి, ఇక వీళ్లెందుకు? ఇది సంగీతం పేరుతో అడుక్కోవడమే అన్నది ఆయన లెక్క.

కానీ అసలు కారణం ఇంకాస్త లోపల ఉంది. లా గార్డియా కూడా ఇటాలియన్ కుటుంబంలో పుట్టినవాడే. వాళ్ల నాన్న అమెరికా ఆర్మీలో బ్యాండ్ మాస్టర్. అంటే సంగీతమే ఆ ఇంటికి అన్నం పెట్టింది. చిన్నప్పుడు అరిజోనాలో వాళ్లుండే ఊరికి ఒక పెట్టెవాడు కోతితో వచ్చాడు. అతను ఇటాలియన్ కాబట్టి, తోటి పిల్లలు ఈ పిల్లాణ్ని "నీ కోతి ఏది?" అన్నట్టు ఏడిపించారు. ఆ సంగతి ఆయన తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ అవమానం మనసులో ఉండిపోయింది.

ఇక్కడ ఒక్కసారి ఆలోచించండి. తండ్రి వాయిస్తే యూనిఫామ్ వేసుకున్న కళాకారుడు. పెట్టెవాడు వాయిస్తే పరువు తక్కువ. ఇద్దరూ ఒకే దేశం నుంచి వచ్చినవాళ్లే, బతుకుతెరువు ఇద్దరికీ సంగీతమే. తేడా అంతా ఆ యూనిఫామ్‌లోనే ఉంది.

ఆ నిషేధం 1970 దాకా నడిచింది. మేయర్ జాన్ లిండ్సే హయాంలో వీధుల్లో ఎత్తేశారు. కానీ కింద సబ్‌వేలో, అంటే అక్కడి భూగర్భ మెట్రోలో, పాత కథే కొనసాగింది. వాయిస్తే పోలీసులు టికెట్ రాస్తారు, మన చలానా లాగా. 1985లో ఒక గిటార్ వాయించే కుర్రాడి కేసు కోర్టుకి వెళ్లింది. సబ్‌వేలో సంగీతాన్ని పూర్తిగా నిషేధించడం భావప్రకటన స్వేచ్ఛకి విరుద్ధం అని కోర్టు తేల్చింది. అదే ఏడాది రవాణా సంస్థ ప్రయోగంగా ఒక పథకం మొదలుపెట్టి, 1987లో దాన్ని శాశ్వతం చేసింది. పేరు 'మ్యూజిక్ అండర్ న్యూయార్క్'. గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో ఆడిషన్లు జరుగుతాయి. ఎంపికైనవాళ్లకి ఒక బ్యానరు, వాయించడానికి చోటు, టైము ఇస్తారు.

నిన్నటిదాకా టికెట్ తిన్న మనిషి ఈరోజు బ్యానర్ కింద నిలబడితే అధికారిక కళాకారుడు అయిపోయాడు. గిటార్ మాత్రం అదే గిటార్.

ఇంకో మెలిక కూడా ఉంది. 1990లో ఒకే ఫెడరల్ అప్పీల్ కోర్టు సబ్‌వే మీద రెండు తీర్పులిచ్చింది. ఒక కేసులో, ప్లాట్‌ఫామ్ మీద ఆంప్లిఫయర్లు వద్దు అనే రూల్ సరైనదే అంది. రెండో కేసులో, సబ్‌వేలో అడుక్కోవడాన్ని నిషేధించొచ్చు అంది. రూల్స్ ప్రకారం వాయించి డబ్బులు తీసుకోవడం తప్పు కాదు, ఊరికే చెయ్యి చాపితే తప్పు. మరి గొంతు బాగోలేని ముసలాయన పాడి చెయ్యి చాపితే ఏ లెక్కలోకి వస్తాడు? ఎవరు తేలుస్తారు? ఆ టైముకి అక్కడ డ్యూటీలో ఉన్న పోలీసు.

ఇది నేను ఊహించి చెప్పట్లేదు. 2014 అక్టోబర్‌లో బ్రూక్లిన్‌లోని ఒక స్టేషన్‌లో ఒక గాయకుణ్ని పోలీసు ఆపాడు. రూల్ నాకు అనుకూలంగానే ఉంది అని గాయకుడు వాదించాడు. పోలీసు ఆ రూల్‌ని పైకి చదివాడు కూడా. కళా ప్రదర్శన చెయ్యొచ్చు, విరాళాలు తీసుకోవచ్చు అని అందులో స్పష్టంగా ఉంది. అయినా అరెస్టు చేశాడు. ఇదంతా ఫోన్‌లో రికార్డ్ అయి ప్రపంచమంతా తిరిగింది. అంటే హక్కు కాగితం మీద వచ్చి పాతికేళ్లు దాటినా, చూసే కన్ను ఇంకా మారలేదు.

మరి జనం సంగతి? దానికి వాషింగ్టన్ వెళ్దాం. 2007 జనవరి 12, ఆఫీసులకి వెళ్లే టైము. లాన్ఫాంట్ ప్లాజా మెట్రో స్టేషన్‌లో ఒకాయన టోపీ పెట్టుకుని 43 నిమిషాలు వయొలిన్ వాయించాడు. ముందు నుంచి 1,097 మంది నడిచి వెళ్లారు. కనీసం ఒక నిమిషం ఆగి విన్నవాళ్లు 7 మంది. ఆయన్ని గుర్తుపట్టి ఒకావిడ ఇచ్చిన 20 డాలర్లు పక్కన పెడితే, పడిన డబ్బులు 32 డాలర్ల 17 సెంట్లు. ఆయన జాషువా బెల్, ప్రపంచంలో పేరున్న వయొలిన్ విద్వాంసుల్లో ఒకడు. చేతిలో ఉన్నది 1713 నాటి స్ట్రాడివేరియస్. వాషింగ్టన్ పోస్ట్ పత్రిక చేసిన ప్రయోగం అది. దాని మీద కథనం రాసిన జీన్ వైన్‌గార్టెన్‌కి 2008లో పులిట్జర్ వచ్చింది.

ఈ కథ చాలామంది విని ఉంటారు. జనానికి టేస్ట్ లేదు అని నీతి కూడా చెప్పేస్తారు. కానీ రెండో భాగం ఎవరూ చెప్పరు. 2014 సెప్టెంబర్‌లో అదే జాషువా బెల్, అదే నగరంలో యూనియన్ స్టేషన్‌లో మళ్లీ వాయించాడు. ఈసారి ముందే ప్రకటించారు. జనం కిక్కిరిసిపోయారు. ఏడేళ్లలో టేస్ట్ ఏమీ పెరగలేదండీ. ఇది వినాల్సిన సంగీతం అని ముందే ఎవరో చెప్పారు, అంతే.

సరే, ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. సంక్రాంతి నెలలో హరిదాసు వస్తాడు. తల మీద అక్షయపాత్ర, చేతిలో చిడతలు, నోట్లో హరినామం. అమ్మమ్మ మన చేతికి బియ్యం ఇచ్చి "వెళ్లి పొయ్యి నాన్నా" అంటుంది. హరిదాసు వంగుతాడు, మనం పోస్తాం. అతన్ని ఎవరైనా "బిచ్చగాడు" అంటే అమ్మమ్మ ఊరుకుంటుందా? పాడాడు, తీసుకున్నాడు. ట్రైన్‌లో ఆయన కూడా పాడాడు, తీసుకున్నాడు. కానీ హరిదాసుకి మన వాకిట్లో ఒక చోటుంది, ఒక నెల ఉంది, ఒక వేషం ఉంది. అది మన ఊళ్లు ఇచ్చిన బ్యానరు.

ట్రైన్‌లో పాడేవాళ్లకి ఏముంది? 1989 రైల్వే చట్టంలో 144వ సెక్షన్ ఉంది. ఆ రోజుల్లో దాని ప్రకారం లైసెన్స్ లేకుండా అమ్మడం, రైల్లో గానీ స్టేషన్‌లో గానీ అడుక్కోవడం, రెండూ నేరాలుగా ఉండేవి. ఏడాది దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడేవి. ఆ సెక్షన్‌లో పాట అనే మాటే లేదు. పాడి చెయ్యి చాపితే అడుక్కోవడం కిందకే లాగగలిగేవాళ్లు. ఆ జంట రోజూ ఈ భయంతోనే ఎక్కి దిగేవాళ్లన్నమాట.

అవతలి పక్క కూడా న్యాయంగా చూద్దాం. ఎనిమిది గంటలు పని చేసి, కిక్కిరిసిన పెట్టెలో నిలబడ్డవాడికి చెవి పక్కన స్పీకర్ మోగితే చిరాకు రాదా? వస్తుంది. స్టేషన్‌లో అయితే నచ్చకపోతే నడిచి వెళ్లిపోతాం, పెట్టెలో ఎక్కడికి పోతాం? అందుకే న్యూయార్క్ రూల్స్ కూడా రైలు లోపల వద్దంటాయి, స్టేషన్‌లో ఒప్పుకుంటాయి. పారిస్ మెట్రో 1997 నుంచి ఆడిషన్ పెట్టి బ్యాడ్జీలిస్తోంది. లండన్ 2003లో లైసెన్సులిచ్చి, పాడేవాళ్ల కోసం స్టేషన్లలో చోట్లు కేటాయించింది. ఎక్కడా జనం మనసు మారేదాకా ఆగలేదు. ముందు చోటు ఇచ్చారు, మర్యాద మెల్లగా వెనకాల వచ్చింది.

అంటే నేను అడుగుతున్నది పెద్ద సంస్కరణ ఏం కాదు. స్టేషన్‌లో దారికి అడ్డం కాని ఒక మూల, నేల మీద ఒక గీత, ఒక టైము, ఒక కార్డు. ఇందులో ఖర్చు ఎంత? ఆ కార్డు ఉంటే ఆ జంట పరిగెత్తాల్సిన పనిలేదు, మనం తల తిప్పుకోవాల్సిన పనీ లేదు.

ఉద్యోగం మానేశాక నేను ఆ ట్రైన్ ఎక్కడం తగ్గిపోయింది. మొన్న ఈ ఎపిసోడ్ కోసమే అదే టైముకి వెళ్లి అటూ ఇటూ నాలుగు సార్లు తిరిగా. వాళ్లు కనిపించలేదు. అన్ని నెలలు ఒకే పెట్టెలో ప్రయాణించాం కదా, వాళ్ల పేరైనా అడగలేదు నేను.

మీ రూట్‌లో ఇలా పాడేవాళ్లు ఉంటే, ఈసారి ఒక్క పాట పూర్తయ్యేదాకా ఇయర్‌ఫోన్ తీసి వినండి. ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం. అడగకుండా వీడియో మాత్రం తియ్యొద్దు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా.