కోరంగి రేవు – మడయడవి చరిత్రము



లాల్‌దర్వాజాలో కాపురముండు బడిపంతులు సముద్రమును గూర్చి ప్రసంగించుటేమని మీకు వింతగా దోపవచ్చును. మా యూరి మూసీ వాడపల్లి యొద్ద కృష్ణలో గలసి, హంసలదీవి చెంత సాగరమును జేరుచున్నది. కందకుర్తి యొద్ద తెలంగాణమున బ్రవేశించు గోదావరియు నా సాగరమునకే పోవుచున్నది. మన చేలమీది యొండ్రు తుదకు జేరవలసిన చోటు సముద్రతీరమే. కావున నా తీరముయొక్క మేలుకీళ్లలో మనకును బాలు గలదు.

ధవళేశ్వరమునకు దిగువ గోదావరి గౌతమి, వసిష్ఠ యను రెండు పెద్దపాయలుగా జీలును. గౌతమి యానాము దాటి సముద్రమును సమీపించుచోట కోరంగి, గాడేరు మున్నగు చిన్నపాయలు దానినుండి విడివడి, కాకినాడ యఖాతమువైపు బోవును. ఈ పాయల నడుమ నున్నది మడయడవి. అఖాతమునకు దూర్పున, సముద్రపుటలల కడ్డముగా, ఇంచుమించు 16 కిలోమీటర్ల పొడవున సన్నని యిసుకతిప్ప యొకటి కలదు. దానికే హోపు దీవి యని పేరు.

పదునెనిమిదవ శతాబ్దమున కోరంగి ప్రఖ్యాతమైన యోడరేవు. బయట సముద్రము కల్లోలముగా నున్నను, లోపల నీరు నిలుకడగా నుండుటచే నావికులు దానిని మిక్కిలి కోరుచుండిరి. అచ్చట నోడలు గట్టుటయు, పాతయోడలను బాగుచేయుటయు వృత్తిగా గలవారెందరో యుండిరి. ఆ రేవునుండి మనవారు బర్మాదేశమునకు గూలికిని, వ్యాపారమునకును బోయిరి. అందుచే రంగూనులో తెలుగువాని కెల్ల ‘కోరంగీ’ యనియే పేరు పడినది. ఒక చిన్నరేవు పేరు సముద్రమున కావలియొడ్డున నొక జనసమూహమున కంతకును బేరైనది.

ఇంతటి రేవునకు రెండు విధములైన యాపదలు వచ్చినవి. మొదటిది తుపాను. 1789 డిసెంబరులో మూడు మహాతరంగము లొకదానివెంట నొకటి యూరిపై బడగా, రమారమి 20,000 మంది మడిసిరని చరిత్రకారులు వ్రాసిరి. 1839 నవంబరులో మరల నట్టి యుత్పాతమే సంభవించి పట్టణము పాడైనది. కలకత్తాలో నుండిన హెన్రీ పిడ్డింగ్టను కోరంగి తుపానులను గూర్చియు వ్రాసెను. 1848లో ప్రకటించిన తన గ్రంథమున, చుట్టచుట్టుకొన్న పామును దలపించునట్లు ఇట్టి సుడిగాలులకు గ్రీకుమాటనుండి ‘సైక్లోను’ అను పేరు గల్పించినవా డతడే.

రెండవ యాపద యొండ్రు. తుపాను ఒక్కరాత్రిలో జేసిన పనిని ఒండ్రు నెమ్మదిగా బూర్తిచేసినది. పాయలు మెఱకలైనవి, ఓడలు లోనికి రాలేకపోయినవి, వ్యాపారము కాకినాడకు దరలినది. అయితే యొక విశేషమును గమనింపుడు. రేవును జంపిన యా బురదయే యడవికి నేలయైనది. గోదావరి తెచ్చిన యిసుకయే తీరపు బ్రవాహముచే నీడ్వబడి హోపు దీవిగా బెరిగినది. మనుష్యుడు నష్టమని లెక్కవ్రాసికొన్నదానిని ప్రకృతి మూలధనముగా జేసికొన్నది.

ఈ యడవిలోని చెట్ల జీవనము వింతయైనది. దినమునకు రెండుమాఱులు పోటు వచ్చి వేళ్లను ముంచును. బురదలో గాలి యాడదు. అందుచే మడచెట్టు తన వేళ్లను మేకులవలె నేలనుండి పైకి నిక్కించి యూపిరి పీల్చును. తాను ద్రావిన నీటిలోని యుప్పును ఆకులపై వెడలగ్రక్కును. ఆకును నాలుకపై నుంచినచో నుప్పగా నుండును. ఉప్పుపొన్న యింకను వింతయైనది. దాని విత్తనము తల్లిచెట్టు మీదనే మొలకెత్తి, పొడవైన మొక్కయై, పిదప బురదలో బడి నాటుకొనును. బిడ్డకు నడక వచ్చినగాని తల్లి చేయి విడువనట్లు! కలింగ, తిల్ల మొదలగు చెట్లును ఇచ్చట బెక్కులు. తిల్లపాలు కంటబడిన బ్రమాదమని యచ్చటివా రెఱుగుదురు.

ఈ వేళ్ల సందులు జలచరములకు బురిటిండ్లు. పండుగొప్ప, కొయ్యంగ, రొయ్య, మండపీత మొదలగు వాని పిల్ల లిచ్చట దాగి పెరిగి, పెద్దవై వెడలిపోవును. రాలిన యాకులు కుళ్లి సూక్ష్మజీవుల కాహారమగును. వానిని రొయ్యలు, రొయ్యలను చేపలు, చేపలను కొంగలును నీటికుక్కలును బావురుపిల్లులును దినును. కడలిలో వలవేయువాని కూడు ఈ యడవిబురదలో నుడుకుచున్నదన్నను దప్పులేదు.

ఇట్టి జీవులను మన జాలరులు పేరుపేరున నెఱుగుదురు. పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు మనదేశమునకు వచ్చి, విశాఖపట్టణమున నుండి, 1785లో కుంపిణీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుడయ్యెను. అతడు సేకరించిన 200 చేపల చిత్రములతో 1803లో లండనులో గ్రంథము వెలువడినది. అందు పార, సొర, కవల మొదలగు తెలుగు పేర్లే యాంగ్లలిపిలో నచ్చుపడియున్నవి. పుస్తకము దొర వ్రాసినది. పేర్లు మన జాలరుల నోటివి. ఆ పేర్లు తెలిసినవారు తగ్గిపోయినచో, చేపను జూచియు మన మెఱుగనివార మగుదుము.

హోపు దీవికి శీతకాలాంతమున వచ్చు నతిథి సముద్రపు దాబేలు. అది రాత్రివేళ నొడ్డెక్కి, ఇసుకలో గుంట ద్రవ్వి, ఇంచుమించు నూఱు గ్రుడ్లు పెట్టి, పూడ్చి మరలిపోవును. 45 మొదలు 60 దినములలో పిల్లలు వెడలి కడలికి బరుగెత్తును. ఇసుక వేడినిబట్టి పిల్లలు ఆడవో మగవో యగును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము దీనికి బెద్దరక్షణ నిచ్చినది. 1978లో కోరంగి 235 చదరపు కిలోమీటర్లకు మించిన యభయారణ్యముగా బ్రకటింపబడినది. తూర్పుతీరమున మరబోట్లకు ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు వేట నిషేధము. అది చేపలు సంతానము నిలుపుకొను కాలము.

చెట్టు నీటినుండి మనుష్యుని గాపాడుననుటకు సముద్రతీరమునకే పోనక్కఱలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినపుడు, నేటి యుస్మానియా యాసుపత్రి యావరణమందలి చింతచెట్టు నెక్కి 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ వరదవేళ నిజాము ప్రభువు మహబూబ్ అలీఖాను మా లాల్‌దర్వాజా మహంకాళియమ్మకు బూజలు చేయించెనని మా వాడవారు నేటికిని జెప్పుకొందురు. ఒక్క చింతచెట్టు 150 మందిని గాచినచో, వేలకొలది మడచెట్ల కుదుళ్లు తీరగ్రామముల నెంత గాచునో మీరే యూహింపుడు. అది తుపాను నాపివేయు గోడ కాదు. వచ్చు తరంగము వేగమును విఱుచు కళ్లెము.

ఇక నా కళ్లెమునకు వచ్చిన ముప్పు చెప్పెదను. 1990 తరువాత రొయ్యల చెరువులకై తీరమున మడనేలలు త్రవ్వబడినవి. 1996 డిసెంబరు 11న సర్వోన్నత న్యాయస్థానము తీరపు నియంత్రణపరిధిలోని యట్టి చెరువులను దొలగింపుమని తీర్పు చెప్పినది. 2020లో కాకినాడ చెంత దుమ్ములపేట యొద్ద ఇండ్లస్థలములకై మడనేలను బూడ్చుటపై వివాదము చెలరేగినది.

రెండవ ముప్పు కంటికి గానరాదు. గోదావరి 1971–79 నడుమ సగటున ఏటేట 15 కోట్ల టన్నుల యొండ్రును దెచ్చుచుండెను. 1990–98 నాటికి అది 5 కోట్ల 70 లక్షల టన్నులకు దిగినది. తక్కిన దెచ్చట నున్నది? ఎగువ జలాశయముల యడుగున. మన పోచంపాడు శ్రీరామసాగరము 112 టి.ఎం.సి.ల నీరు పట్టునట్లు కట్టబడినది. 1994 నాటి కొలతకు 90 టి.ఎం.సి.లకు దగ్గినది. ఒండ్రు మనకు నీటిచోటు మ్రింగుచున్నది. అచ్చట తీరమునకు నేల కరవగుచున్నది. ఆనకట్టలు వలదని నే ననను. అవి లేనిదే మనకు గూడు లేదు. కాని క్రొత్తమన్ను కొఱతవడిన తీరమునకు ఉన్న మన్నును బట్టియుంచు వేళ్లే యాధారము. ఆ వేళ్లను గూడ దీసివేసినచో నేల సముద్రము పాలు.

పెద్దలారా! ప్రతి గ్రామమునను ‘ఎవరికిని బనికిరాని భూమి’ యని పిలువబడు నేల యొకటి యుండును. తీరమున అది మడనేల. మన యూళ్లలో చెరువు శిఖము, వాగుగట్టు. వానిని జదును చేయుదమని యెవరైన సభకు వచ్చినపుడు, ఆ నేల వరదనాడు ఏమి చేసెనో చెప్పగలవారు మీరే. పటములో నది బంజరుగా నుండవచ్చును. మీ జ్ఞాపకమున నట్లుండదు. ఆ జ్ఞాపకమును సభలో నిలిచి చెప్పుడు. పిన్నలచే వ్రాయించి యుంచుడు. కోరంగి రేవును మరల దెచ్చుట యెవరితరము గాదు. కోరంగి యడవిని నిలుపుట మాత్రము మనుష్యుల చేతిలోని పని.